ప్రతి కార్తీకంలో తాగుడు మానేసే మేస్త్రీ: మద్యం, నరకణాలు, జన్యువుల మీద ఒక కేస్ స్టడీ

తాగుడు మానేస్తే జబ్బు పోయినట్టేనని మన దగ్గర ఇంటివాళ్ళే కాదు, చాలామంది డాక్టర్లూ అనుకుంటారు. వణుకు తగ్గింది, అన్నం తింటున్నాడు, ఇంటికి పంపేద్దాం, అంతే. కానీ ఏళ్ళ తరబడి రోజూ మద్యం తగిలిన నరకణం తన జన్యువుల్లో వేటిని వాడాలి, వేటిని పక్కన పెట్టాలి అన్న తీరునే మార్చుకుంటుంది. మందు మానిన రోజున ఆ మార్పు వెనక్కి పోదు. కొంత వారాల్లో సర్దుకుంటుంది, కొంతకి నెలలు పడుతుంది, కొంత ఇంకా ఎక్కువ కాలం ఉండిపోతుంది. ఈ సంగతి ఒక కుటుంబానికి అర్థమయ్యాక వైద్యం ఎలా దారిన పడిందో చెప్పాలని ఈ కేస్ రాస్తున్నాను. రోగి, ఆయన భార్య ఒప్పుకున్నారు. ఎవరో గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను, వైద్యం అర్థం మారేవి మాత్రం ముట్టుకోలేదు.

నేపథ్యం

నేను ఫిజీషియన్‌ని. ప్రాక్టీసు ఒడిశా గజపతి జిల్లాలో, ఆంధ్రా సరిహద్దుకి ఆనుకుని. ఇక్కడ ఆసుపత్రి కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి, పంచిపెట్టే కరపత్రాలు ఒడియాలో ఉంటాయి, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఇంట్లో మాట్లాడేది, చదవగలిగేది తెలుగు. పెద్ద వైద్యం కావాలంటే ఒక పక్క బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, ఇంకో పక్క శ్రీకాకుళం, రెండూ పక్కనే ఉన్నవి కావు.

రోగి నలభైల మధ్యలో ఉన్న తాపీమేస్త్రీ. పుట్టింది ఉద్దానం పక్క పల్లెలో, పెళ్ళయ్యాక ఇటు వచ్చి స్థిరపడ్డాడు. ఈ ఉద్దానం సంగతి తర్వాత వైద్యానికి మందు ఎంచుకునేటప్పుడు చాలా పనికొచ్చింది, అందుకే ముందే చెబుతున్నాను. తాగడం మొదలైంది పదిహేడు పద్దెనిమిదేళ్ళ వయసులో, సెంట్రింగ్ పనికి వెళ్ళిన రోజుల్లో. మొదట జీలుగు కల్లు, తర్వాత నాటుసారా, చేతిలో డబ్బు ఆడాక షాపు క్వార్టర్లు. నేను చూసేనాటికి పొద్దున్న ఒక మోతాదు పడకపోతే చేతిలో తాపీ నిలవని స్థితి. పొద్దున్నే తాగాల్సి వస్తోందంటే ఆ మనిషి సరదా కోసం కాదు, మామూలుగా ఉండటం కోసం తాగుతున్నాడని అర్థం.

ఈ పనిలో ఇంకో చిక్కు ఉంది. స్లాబ్ వేసిన రోజు సాయంత్రం ఇంటి యజమాని మేస్త్రీలకీ కూలీలకీ మందు పోయించడం మా వైపు ఆనవాయితీ. అది కూలిలో భాగం లాంటిదే. వద్దన్నవాడు యజమానిని అవమానించినట్టు, తోటివాళ్ళకి దూరమైనట్టు.

ఇంతగా తాగే మనిషి ఏడెనిమిదేళ్ళుగా ప్రతి కార్తీకంలో అయ్యప్ప మాల వేస్తున్నాడు. ఆ 41 రోజులూ చుక్క ముట్టడు. నిష్ఠ నిజమైనది, దాని మీద నాకు ఏ అనుమానమూ లేదు. ఇరుముడి కట్టి కొండకి వెళ్ళొచ్చి మాల తీసిన కొద్ది రోజులకే మళ్ళీ మొదలు, అదీ ముందటి కంటే ఎక్కువగా. ఇంటివాళ్ళు దీన్నుంచి తీసుకున్న అర్థం ఒకటే: "41 రోజులు మానగలిగినోడు మిగతా రోజులు ఎందుకు మానలేడు? అంతా మొండితనమే."

అంతకుముందు జరిగిన ప్రయత్నాలు కూడా చెప్పాలి. ఒకసారి ఎవరో అమ్మిన పొడి భార్య చేత కూరలో కలిపించారు. ఆ రాత్రి ఆయన మామూలుగానే తాగాడు, మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై పడిపోయాడు. అది తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ తరహా మందే అయ్యుండొచ్చు. ఆ మందు లోపల ఉండగా మద్యం తాగితే, మద్యం విరిగినప్పుడు వచ్చే అసిటాల్డిహైడ్ అనే విషపదార్థం పేరుకుపోతుంది. రోగికి తెలియకుండా ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది, లివర్ పాడైనవాళ్ళలో మరీ ప్రమాదం. ఆ తర్వాత చాలాకాలం భార్య వండింది ఆయన తినలేదు. ఇంకోసారి దూరంగా ఒక సెంటర్లో చేర్చారు. అక్కడ కొన్ని వారాలు గదిలో ఉంచి పంపారు, బయటికి వచ్చాక వాడాల్సిన మందంటూ ఏమీ ఇవ్వలేదు. ఇంటికి చేరకముందే తాగాడు.

వచ్చిన సమస్య

ఆ ఏడాది మాల వేసుకున్న మూడో రోజు రాత్రి ఆటోలో తీసుకొచ్చారు. నల్లబట్టలు, ఒళ్ళంతా చెమట, గాలిలో ఏదో పట్టుకుంటున్నట్టు వేళ్ళు కదుపుతున్నాడు. లేని మనుషులతో మాట్లాడుతున్నాడు, మధ్యమధ్యలో శరణుఘోష. సన్నిధానంలో కొందరు పూనకమని దండం పెట్టారట. వాళ్ళలో ఒక కన్నెస్వామి మాత్రం, ముందురోజు ఈయన కాళ్ళూ చేతులూ కొట్టుకుని నురగ కక్కడం చూసినవాడు, పట్టుబట్టి ఆటో పిలిచాడు. ప్రాణం నిలిపింది ఆ కుర్రాడే.

పల్స్ 130 దగ్గర, బీపీ 170/104, జ్వరం కొద్దిగా. మద్యం మానిన మూడో రోజు, ముందు ఫిట్స్, ఇప్పుడు మతిభ్రమ. డెలీరియం ట్రెమెన్స్ (మద్యం ఒక్కసారిగా ఆపడంతో వచ్చే తీవ్రమైన మతిభ్రమ) అని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. కానీ మా జిల్లాలో జ్వరంతో అయోమయంగా మాట్లాడే మనిషిని చూసి తాగుడు చరిత్ర దగ్గరే ఆగిపోకూడదు, ఫాల్సిపరమ్ మలేరియా ఉన్న నేల ఇది. అందుకే ముందు మలేరియా కార్డు టెస్టు, వెంటనే షుగర్, తల మీద దెబ్బలేమైనా ఉన్నాయేమో చూడటం, సోడియం, పొటాషియం. మలేరియా లేదు. షుగర్ 62. దీక్షలో ఒంటిపూట భోజనం, దానికి ముందు ఏళ్ళ తరబడి సరిగ్గా తినని ఒళ్ళు, కాబట్టి అది ఆశ్చర్యం కాదు.

షుగర్ తక్కువ ఉంది కదా అని వెంటనే గ్లూకోజ్ ఎక్కించాలని చెయ్యి పోతుంది. ఇలాంటి మనిషికి థయమిన్ (బి1 విటమిన్) ముందు వెళ్ళాలి, కనీసం గ్లూకోజ్‌తో పాటైనా వెళ్ళాలి. గ్లూకోజ్‌ని వాడుకోవడానికి థయమిన్ కావాలి, లేని ఒంట్లో గ్లూకోజ్ మాత్రమే పోస్తే వెర్నికే ఎన్‌సెఫలోపతీ, అంటే థయమిన్ లోపంతో మెదడు దెబ్బతినే జబ్బు, బయటపడే ప్రమాదం ఉంది. కళ్ళు పక్కకి తిప్పినప్పుడు అదురుతున్నాయి, నిలబెడితే తూలుతున్నాడు. వెర్నికే కాదని చెప్పలేని స్థితిలో అది ఉందనుకునే వైద్యం చెయ్యాలి. థయమిన్ పెద్ద మోతాదులో ఐవీగా, రోజుకి మూడుసార్లు ఇచ్చాం. మెగ్నీషియం కూడా ఇచ్చాం, ఎందుకంటే అది తక్కువైతే థయమిన్ ఇచ్చినా పనిచెయ్యదు.

మద్యం విత్‌డ్రాయల్‌కి, అంటే మద్యం ఆపినప్పుడు వచ్చే బాధలకి, మామూలుగా వాడేది క్లోర్‌డయాజిపాక్సైడ్. ఇక్కడ లోరాజిపామ్ ఎంచుకున్నాను. కళ్ళల్లో పచ్చదనం ఉంది, లివర్ ఎంత పాడైందో ఇంకా తెలియదు, క్లోర్‌డయాజిపాక్సైడ్ అలాంటి లివర్‌లో ఎక్కువకాలం ఉండిపోయి మనిషిని మత్తులో ముంచుతుంది. లోరాజిపామ్‌తో ఆ బెడద తక్కువ. పెద్దాసుపత్రికి పంపాలా అన్న ప్రశ్న కూడా ఆ రాత్రే వచ్చింది. దారిలో ఫిట్స్ వస్తే అంబులెన్స్‌లో చూసే దిక్కు లేదు కాబట్టి ముందు స్థిరపరచి, మొదటి కొన్ని గంటల్లో మోతాదుకి స్పందించకపోతే పంపుదామని నిర్ణయించుకున్నాను. స్పందించాడు, కానీ అనుకున్నదానికంటే చాలా ఎక్కువ మోతాదు పట్టింది.

ఎందుకంత మోతాదు? ఎందుకు ప్రతి ఏడూ ముదిరింది?

ఆయన తేరుకున్నాక భార్యనీ, పాత స్వాములనీ కూర్చోబెట్టి ఏడాది వారీగా చరిత్ర రాసుకున్నాను. ఈ కేసులో నేను చేసిన పనుల్లో అన్నిటికంటే విలువైనది ఇదే అనుకుంటాను. మొదటి ఏళ్ళలో మాల వేసిన రెండు మూడు రోజులు చెమటలు, నిద్రలేమి, అంతే. తర్వాతి ఏళ్ళలో వణుకు, వాంతులు. ముందటేడు రెండో రోజున ఫిట్స్, దాన్ని ఉపవాసం వల్ల వచ్చిన కళ్ళుతిరుగుడు అనుకున్నారు. ఈ ఏడు ఫిట్స్, డెలీరియం రెండూ.

దీన్ని కిండ్లింగ్ అంటారు. తాగడం, ఒక్కసారిగా ఆపడం, మళ్ళీ తాగడం, మళ్ళీ ఆపడం, ఇలా జరిగేకొద్దీ ప్రతి విత్‌డ్రాయల్ ముందటిదానికంటే తీవ్రం కావచ్చని 1978లో బాలెంజర్, పోస్ట్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. నిష్ఠగా ఏటా మానడమే ఆయన మెదడుని ఏటా మరింత ప్రమాదంలోకి నెట్టింది. ఇది మాల తప్పు కాదు, దీక్ష తప్పు కాదు. వైద్యం తోడు లేకుండా ఒక్కరోజులో ఆపడం వల్ల వచ్చినది.

ఇక నరకణం లోపలికి వెళ్దాం. మెదడులో నరాలను శాంతపరిచే ప్రధాన రసాయనం గాబా, ఉత్తేజపరిచేది గ్లుటమేట్. మద్యం గాబా పనిని పెంచుతుంది, గ్లుటమేట్ పనిని అణుస్తుంది, అందుకే మత్తు. రోజూ ఇలా జరుగుతుంటే నరకణం సమతూకం కోసం ఎదురు సర్దుబాటు చేసుకుంటుంది, అదీ జన్యువుల స్థాయిలో. ఎలుకల మెదడు పైపొరలో చూసినప్పుడు, దీర్ఘకాలం మద్యం ఇచ్చాక గాబా-ఏ గ్రాహకంలోని ఆల్ఫా-1 అనే భాగం తయారీ తగ్గింది, ఆల్ఫా-4 తయారీ పెరిగింది. అటు గ్లుటమేట్ అందుకునే ఎన్ఎండీఏ గ్రాహకాల్లో కొన్ని భాగాల తయారీ పెరుగుతుంది. ఇలా సర్దుకున్న మెదడులోంచి మద్యాన్ని ఒక్కసారిగా తీసేస్తే, శాంతపరిచేది బలహీనంగా, ఉత్తేజపరిచేది విపరీతంగా మిగులుతుంది. ఫిట్స్ మొదటి రెండు రోజుల్లో, డెలీరియం ఎక్కువగా రెండో రోజు దాటాక రావడం వెనక ఉన్నది ఇదే. ఇంకో మాట: ఆల్ఫా-4 ఉన్న గ్రాహకాలు డయాజిపామ్ కుటుంబపు మందులకి స్పందించవు, లోరాజిపామ్ కూడా ఆ కుటుంబానిదే. కొందరికి అంత ఎక్కువ మోతాదు పట్టడానికి ఇదొక కారణం కావచ్చు.

కుటుంబానికి చెప్పేటప్పుడు ఈ పేర్లేవీ వాడలేదు. మేస్త్రీకి అర్థమయ్యే మాట ఆయన పనిలోనే ఉంది. ఇంటి ప్లాన్ కాగితం ఒకటే, దాన్ని ఎవరూ దిద్దలేదు, కానీ ఏ గోడ ఈరోజు లేపాలి, ఏది ఆపాలి అని పైనుంచి చెప్పేవాడు మారిపోయాడు. ప్లాన్ అంటే డీఎన్ఏ. మారింది దాన్ని చదివే తీరు, దాన్నే జన్యు వ్యక్తీకరణ అంటారు. డీఎన్ఏ హిస్టోన్లు అనే ప్రోటీన్లకి చుట్టుకుని ఉంటుంది. హిస్టోన్లకి అసిటైల్ గుంపులు అతుక్కుంటే చుట్ట వదులై అక్కడి జన్యువు చదవడానికి దొరుకుతుంది, అవి ఊడితే బిగుస్తుంది. డీఎన్ఏ మీదే మిథైల్ గుంపులు చేరితే చాలాసార్లు ఆ జన్యువు మూగబోతుంది. నరకణాలు చాలావరకు మళ్ళీ విభజన చెందవు. చర్మంలో లాగా పాతవి పోయి కొత్తవి రావడం ఉండదు కాబట్టి, పడిన గుర్తులు ఆ కణంతోనే ఉంటాయి.

ఏం చేశాం, ఏది నిలవలేదు

తేరుకున్నాక మొదటి ప్రశ్న మాల గురించి. మాల తియ్యాలా అని భార్య భయపడుతోంది. మందులు వేసుకుంటూ దీక్ష సాగించవచ్చా అని గురుస్వామినే పిలిపించి అడిగాను. ఒంటికి వైద్యం చేయించుకోవడం నియమభంగం కాదన్నాడాయన. అది నా వైద్యానికి చాలా మేలు చేసింది, ఎందుకంటే దీక్షలో ఉన్న క్రమం, తెల్లవారుజామున లేవడం, పదిమందితో కూర్చోవడం, అందరూ "స్వామీ" అని గౌరవంగా పిలవడం, ఇవన్నీ నేను మందులతో ఇవ్వలేనివి. ఒక్క జాగ్రత్త చెప్పాను: అరుగుదలకి ఆయుర్వేద అరిష్టాలు, ఆసవాలు తాగొద్దని. అవి పులియబెట్టి చేసేవి, వాటిలో సహజంగానే ఆల్కహాల్ ఉంటుంది.

రిపోర్టులు వచ్చాయి. లివర్ పరీక్షల్లో ఏఎస్టీ 212, ఏఎల్టీ 94, బిలిరుబిన్ 2.1, కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ 1.9, అన్నీ ఉండాల్సినదానికంటే ఎక్కువే. నీరు బాగా ఎక్కించాక మళ్ళీ చేయించినా క్రియాటినిన్ అంతే, కిడ్నీ వడపోత అంచనా (ఈజీఎఫ్ఆర్) సుమారు 44. ఉద్దానం నుంచి వచ్చిన మనిషి కాకపోయినా క్రియాటినిన్ చేయించేవాడినేమో గానీ, ఉద్దానం అని తెలిశాక చేయించకుండా ఉండే ప్రశ్నే లేదు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస పక్కల కిడ్నీ జబ్బు ఎంత ఉందో ఈ సరిహద్దులో పనిచేసే ప్రతి డాక్టరుకీ తెలుసు.

ఇక తాగుడు మళ్ళీ మొదలవ్వకుండా వాడే మాత్రల ఎంపిక. డైసల్ఫిరామ్: ఈ లివర్‌కి వద్దు, పైగా కూరలో పొడి కలిపిన జ్ఞాపకం ఇంట్లో ఇంకా పచ్చిగా ఉంది. నాల్ట్రెక్సోన్: మంచి మందు, కానీ లివర్ ఎంజైములు అంతగా పెరిగి ఉన్నప్పుడు మొదలుపెట్టడానికి మనసొప్పలేదు. పైగా ఆయన నడుంనొప్పికి మెడికల్ షాపులో ట్రమడాల్ కొని వేసుకుంటున్నాడు. ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్ (నల్లమందు తరహా) నొప్పిమాత్రలు వాడేవాళ్ళకి నాల్ట్రెక్సోన్ ఇస్తే ఒక్కసారిగా ఓపియాయిడ్ విత్‌డ్రాయల్ వస్తుంది. బాక్లోఫెన్: లివర్ పాడైనవాళ్ళలో వాడదగ్గదే, కానీ అది ఎక్కువగా కిడ్నీ ద్వారానే బయటికి పోతుంది, ఈ కిడ్నీలో పేరుకుని మనిషిని అయోమయంలో పడేస్తుంది. అకాంప్రోసేట్: లివర్‌తో దానికి పనిలేదు, కిడ్నీతోనే పని, ఈ స్థాయిలో మోతాదు సగం చేసి 333 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు ఇవ్వొచ్చు. అదే మొదలుపెట్టాం.

ఇంకో మూడు వారాలకి భార్య ఒంటరిగా వచ్చింది. "డాక్టరుబాబూ, తాగినప్పుడే నయమండీ. మడిసిలా మాటాడేవోడు. ఇప్పుడు ఏటి చెప్పినా సిరాకే, రాత్రంతా పడుకోడు, ఏ సామాను ఎక్కడెట్టాడో ఆడికే తెలీదు." ఇలాంటి మాట వినగానే చాలామంది కుటుంబానికి ఓపిక పట్టమని చెప్పి పంపేస్తారు. నిజానికి తిరిగి తాగడం అనేది మొదలయ్యేది ఇక్కడే. ఆవిడ చెప్పిన మూడు లక్షణాలకీ నరకణాల్లో ఆధారం ఉంది. 2008లో షికాగోలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో సుభాష్ పాండే బృందం ఎలుకల్లో చూపించింది: మద్యం ఆపినప్పుడు భయాన్ని, ఆందోళనని నడిపే అమిగ్డలాలో హిస్టోన్ల అసిటైలేషన్ పడిపోయింది, ఆందోళనని తగ్గించే న్యూరోపెప్టైడ్-వై తయారీ తగ్గింది, ఎలుకలు భయంతో ముడుచుకున్నాయి. అసిటైల్ గుంపులు ఊడకుండా ఆపే రసాయనం ఇస్తే ఆందోళన తగ్గింది. మతిమరుపుకీ, ఆలోచన మందగించడానికీ వస్తే, తాగుడు జబ్బుతో చనిపోయినవాళ్ళ మెదడు ముందుభాగాన్ని పరీక్షించిన టెక్సస్ పరిశోధకులు 2000లోనే, నరాల తొడుగైన మైలిన్‌కి సంబంధించిన జన్యువుల పని తగ్గి ఉండటం గమనించారు.

వీటిలో చాలాభాగం ఎలుకల మీద చేసినవే, మనుషులవి చనిపోయాక తీసిన మెదడు మీద. బతికున్న మనిషి మెదడులో జన్యువుల పని ఎలా ఉందో చూపే రక్తపరీక్ష ఏదీ మన క్లినిక్కుల్లో లేదు, అలాంటిది చేస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. అయినా దిశ స్పష్టంగానే ఉంది: మానిన తర్వాత కొన్ని నెలలపాటు చిరాకు, నిద్రలేమి, మతిమరుపు ఉంటాయి, అవి ఆ మనిషి గుణం కాదు, మానుతున్న జబ్బు.

ఆవిడకి నేను అన్నది ఇది: "అమ్మా, నలభై ఒక్క రోజులు అంటే దేవుడికి సరిపోయింది, మెదడుకి సరిపోలేదు. దానికి ఇంకా నెలలు కావాలి." కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది, ఇన్నేళ్ళూ మాల తీసినప్పుడల్లా ఆయన తాగింది మొండితనంతో కాదా అని.

లివర్ రిపోర్టు చూపించి భయపెట్టడం కూడా చేశాం, అది నిలవలేదు. భయం ఉన్నన్నాళ్ళు ఉంది, సంక్రాంతి దాటాక ఒక స్లాబ్ పని సాయంత్రం తాగేశాడు. అకాంప్రోసేట్ ఏమైందని అడిగితే, మాలతో పాటే ఆపేశానన్నాడు. ఆయన లెక్కలో మాత్రలు దీక్షలో భాగం. దీక్ష అయిపోయింది, మాత్రలూ అయిపోయాయి.

ఏది పనిచేసింది

ఈసారి ఒక్కసారిగా ఆపనివ్వలేదు. మళ్ళీ రోజూ తాగుతున్న మనిషి సొంతంగా ఆపితే ఏమవుతుందో చరిత్ర చెబుతోంది కాబట్టి, భార్య ఫోన్ చేసిన వెంటనే రమ్మని, చేర్చుకుని, థయమిన్, తగ్గిస్తూ పోయే లోరాజిపామ్‌తో దించాం. ఫిట్స్ రాలేదు, పిచ్చిమాటలు రాలేదు. ఇంటికి వెళ్ళాక నిద్రమాత్రలు అడిగాడు, ఇవ్వలేదు. ఆ నిద్రమాత్రలు, అంటే లోరాజిపామ్ కుటుంబపు బెంజోడయాజిపైన్లు, పనిచేసేదీ అదే గాబా గ్రాహకం మీద, ఒకటి మాన్పించి ఇంకోటి అలవాటు చెయ్యడం నాకు ఇష్టం లేదు. దాని బదులు దీక్షలో లేచే వేళకే లేవమన్నాను, పగటి నిద్ర వద్దన్నాను. కుదురుకోవడానికి రెండు నెలలు పైనే పట్టింది.

స్లాబ్ రోజు సంగతి విడిగా చూడాల్సి వచ్చింది. 2019లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో షెల్లీ బెర్గర్ బృందం ఎలుకల్లో తేల్చిన విషయం నాకు ఇక్కడ గుర్తుకొచ్చింది. లివర్ మద్యాన్ని విరగ్గొట్టినప్పుడు వచ్చే అసిటేట్ రక్తంలో మెదడుకి చేరుతుంది, అక్కడ ఏసీఎస్ఎస్2 అనే ఎంజైము దాన్ని వాడి హిస్టోన్లకి అసిటైల్ అతికిస్తుంది, జ్ఞాపకాలు ఏర్పడే హిప్పోక్యాంపస్‌లో జన్యువుల పని మారుతుంది. అంటే తాగిన మద్యంలోని ముక్కే నరకణం డీఎన్ఏ చుట్ట దాకా వెళ్తోంది. ఆ ఎంజైము తగ్గించిన ఎలుకలు మద్యం దొరికిన చోటుని ఇష్టపడటం నేర్చుకోలేదు. మనిషికి అన్వయిస్తే చోటు, వేళ, వాసన, తోటి మనుషులు, ఇవన్నీ మద్యంతో కలిపి కణాల్లో రాసుకుపోతాయి. తడి కాంక్రీటు వాసన, మిక్సర్ ఆగిన సాయంత్రం, యజమాని లోపలికి పిలవడం, ఇవి ఆయనకి ఒట్టి సందర్భాలు కావు. ఒట్టు పెట్టించుకుంటే ఇవి పోవు, ఆ సందర్భాన్నే మార్చాలి. ఆయన తోటి మేస్త్రీ ఒకాయన ముందుకొచ్చి, ఒప్పందం చేసుకునేటప్పుడే యజమానికి చెప్పేవాడు: స్లాబ్ నాడు మందు వద్దు, మటన్ భోజనం పెట్టి మిగతాది చేతికి ఇవ్వండి అని. కొందరు యజమానులు గొణిగారు. కూలీల ఇళ్ళ ఆడవాళ్ళు మాత్రం సంతోషించారు.

ఏఎస్టీ, ఏఎల్టీ మామూలుకి దగ్గర పడ్డాయి, ట్రమడాల్ పూర్తిగా ఆపించి తగినంత వ్యవధి ఇచ్చాం, అప్పుడు మళ్ళీ మొదలుపెట్టిన అకాంప్రోసేట్‌కి తోడుగా నాల్ట్రెక్సోన్ 50 మిల్లీగ్రాములు కలిపాను. నడుంనొప్పికి పారాసిటమాల్ తక్కువ మోతాదులో, వ్యాయామం. డైక్లోఫెనాక్ లాంటివి ఆ కిడ్నీకి అసలు వద్దు. మాత్రలు భార్య చేతి మీదుగా, ఆయనకి తెలిసే, ఆయన ఒప్పుకునే. కూరలో పొడికీ దీనికీ ఉన్న తేడా ఆయనే ఒకసారి చెప్పాడు. సంతకి వచ్చిన రోజున నా దగ్గరికి రావాలని పెట్టాను, వేరే రోజు రమ్మంటే కూలి పోతుంది. తెలుగులో ఒక పేజీ రాసిచ్చాను: ఏ నెలలో ఏ లక్షణం ఉండొచ్చు, ఏది ప్రమాదం, ఎప్పుడు రావాలి. చివర 14446 నంబరు, మద్యం, మత్తుపదార్థాల నుంచి బయటపడటానికి ఉన్న జాతీయ హెల్ప్‌లైన్. ఆ కాగితం గోడకి అంటించారు.

మధ్యలో జారాడు. ఆడపడుచు ఇంట్లో తగాదా అయిన రాత్రి తాగొచ్చాడు. స్వీడన్‌లో లింకోపింగ్ యూనివర్సిటీ పరిశోధకులు 2017లో చెప్పినది ఇలాంటిదే: మద్యానికి బానిసైన ఎలుకల మెదడు ముందుభాగంలో పీఆర్‌డీఎం2 అనే జన్యువు పని తగ్గిపోయి ఉంది, దాన్ని కావాలని తగ్గించినప్పుడు మామూలు ఎలుకలు కూడా ఒత్తిడి తర్వాత మళ్ళీ మద్యం వైపు వెళ్ళాయి, చేదైనా తాగాయి. భార్యకి ఇది ముందే చెప్పి ఉంచాను, గొడవ జరిగిన రోజే ఎక్కువ ప్రమాదం అని. ఆవిడ తిట్టలేదు, మర్నాడు పొద్దున్నే తీసుకొచ్చింది. ఒక్క రాత్రి దగ్గరే ఆగింది. పాత రోజుల్లో అయితే అది నెలలు సాగేది.

ఈ కేస్ నుంచి నేను ఇప్పుడు చేస్తున్నవి

రోజూ తాగేవాడు మాల వేసుకుంటానంటే, ఏ మొక్కుకైనా మానతానంటే, రెండు వారాల ముందే రమ్మంటున్నాను. గురుస్వామి తన దగ్గరికి వచ్చేవాళ్ళకి ఇదే చెబుతున్నాడు. పొద్దున్నే తాగే అలవాటు ఉందా, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా అని ఆయనే అడుగుతున్నాడు. ఆ రెండు ప్రశ్నలు చాలు, ఎవరిని నా దగ్గరికి పంపాలో తెలిసిపోతుంది. చరిత్ర తీసుకునేటప్పుడు ఎంత తాగుతాడని మాత్రమే కాకుండా ఎన్నిసార్లు ఒక్కసారిగా మానాడో రాసుకుంటున్నాను. ఈ ప్రాంతంలో అకాంప్రోసేట్ రాసేముందు క్రియాటినిన్ లేకుండా రాయడం లేదు.

కొడుకు గురించి ఆవిడ అడిగింది. పదిహేడేళ్ళవాడు, సెలవుల్లో నాన్నతో పనికి వెళ్తాడు. వంశపారంపర్యం దాదాపు సగం పాత్ర వహిస్తుందని కవలల అధ్యయనాలు చెబుతున్నాయి, మిగతా సగం బతుకే. తండ్రి నరకణాల్లో మద్యం వల్ల పడిన గుర్తులు కొడుక్కి అలాగే వచ్చేస్తాయని మాత్రం అనుకోవద్దని చెప్పాను. అంతకంటే గట్టిగా చెప్పింది వయసు గురించి. లేత వయసులో మద్యం ఇచ్చిన ఎలుకలు పెద్దయ్యాక కూడా ఆందోళనతో ఉన్నాయి, ఎక్కువ తాగాయి. షికాగో బృందమే 2022లో అమిగ్డలాలో ఆర్క్ అనే జన్యువు దగ్గరి గుర్తుని క్రిస్పర్ అనే సవరణ పద్ధతితో మార్చి ఆ ఆందోళనని తగ్గించగలిగింది. అది ఎలుకల్లో సాధ్యమైంది, మన పిల్లలకి అలాంటి వైద్యం లేదు. ఆ కుర్రాడిని స్లాబ్ రోజు పనికి పంపడం మానేశారు.

ప్రస్తుతం ఆయన పనికి పోతున్నాడు, తాపీ చేతిలో నిలుస్తోంది. కిందటి కార్తీకంలో మళ్ళీ మాల వేశాడు, అప్పటికే మద్యం మాని చాలా నెలలు కావడంతో ఏ ఇబ్బందీ రాలేదు. లెక్కలు కట్టడంలో ఇంకా తడబాటు ఉంది, సిమెంటు బస్తాలు, ఇటుకల లెక్క ఇప్పుడు కాగితం మీద రాసుకుంటున్నాడు. అకాంప్రోసేట్‌ని వచ్చే క్రియాటినిన్ చూశాక ఆపుదామని ఉంది. నాల్ట్రెక్సోన్ మాత్రం రాబోయే మాల తీసి, సంక్రాంతి దాటి, ఆ తర్వాత రెండు మూడు స్లాబ్ పనులు పూర్తయ్యేదాకా కొనసాగిస్తాను. ఆయన ఎప్పుడూ జారింది ఆ వారాల్లోనే.